లెడెన్‌హాల్ వీధి ఓట్లు, గంజాం శిస్తు

కంపెనీలో పెత్తనం ఎవరిది? డబ్బు పెట్టిన వాటాదారులదా, వాళ్ల పేరున వ్యవహారం నడిపే డైరెక్టర్లదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం ప్రజాస్వామ్యాన్ని కొలబద్దగా తెచ్చి పెడతాం. వాటాదారుల ఓటుకు విలువ ఉంటే అది మంచి కంపెనీ, అడిగే నాథుడు లేక డైరెక్టర్లు చెలరేగితే చెడ్డ కంపెనీ అని తేల్చేస్తాం. ఆ కొలత ఎంత కురచదో గంజాం చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1768 నుంచి 1858 దాకా, తొంభై ఏళ్లపాటు, రుషికుల్య పరీవాహకమూ బరంపురమూ ఇచ్ఛాపురమూ ఒక వాటాల కంపెనీ ఏలుబడిలో ఉన్నాయి. ఆ కంపెనీలో డైరెక్టర్ల పదవులకు ఏటేటా ఎన్నికలు జరిగేవి. దాని వాటాదారులు సభ పెట్టి, డైరెక్టర్ల మాటను ఓటుతో తోసిపుచ్చగలిగేవాళ్లు. అంత గట్టి వాటాదారుల సభ ఆ రోజుల్లో ప్రపంచంలో మరెక్కడా లేదని చెప్పినా పెద్ద తప్పు కాదు. పెత్తనం ఒకప్పుడు వాటాదారుల వైపు, ఒకప్పుడు డైరెక్టర్ల వైపు మొగ్గింది. ఎటు మొగ్గినా గంజాం రైతుకు ఒరిగింది లేదు. ఎందుకంటే వాళ్ల తగాదా ఎప్పుడూ పంపకం గురించే. వసూలు గురించి వాళ్లకు పేచీ లేదు.

ఆ కంపెనీ కొలువు ఎలా ఉండేదో ముందు చూడాలి. లండన్ లెడెన్‌హాల్ వీధిలో ఈస్టిండియా కంపెనీ భవనం. అందులో రెండు సభలు. 24 మంది డైరెక్టర్ల సభ ఒకటి, వాటాదారులందరి సభ ఒకటి. 500 పౌండ్ల వాటా ఉన్నవాళ్లకు ఓటు, 2,000 పౌండ్ల వాటా ఉంటే డైరెక్టరు పదవికి పోటీ చేసే అర్హత. బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేని స్త్రీలకు ఇక్కడ ఓటుండేది. డచ్చి వర్తకులకూ ఉండేది. డివిడెండు ఎంత ఇవ్వాలన్నది తేల్చే అధికారం వాటాదారుల సభది. ఏటా ఏప్రిల్‌లో డైరెక్టర్ల ఎన్నిక. కాగితం మీద ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఊహించడం కష్టం. కానీ ఆ చక్కదనంలోనే ఒక లొసుగు ఉంది. 500 పౌండ్లున్నా 50,000 పౌండ్లున్నా మనిషికి ఓటు ఒకటే. దాంతో పెద్ద వాటాదారులు ఎన్నికల ముందు తమ వాటాను 500 పౌండ్ల ముక్కలుగా చేసి స్నేహితులకూ గుమాస్తాలకూ బంధువులకూ రాసిచ్చేవాళ్లు. ఓటు పడగానే ముక్కలు తిరిగి యజమాని పేరుకు వచ్చేసేవి. 1763 ఎన్నికల్లో డైరెక్టర్ల సభలో పెత్తనం చేస్తున్న లారెన్స్ సలివన్‌ను దించడానికి రాబర్ట్ క్లైవ్ లక్ష పౌండ్లను ఇలాగే 200 ఓట్లుగా మార్చాడు. అయినా ఓడిపోయాడు. గెలిచిన డైరెక్టర్లు బెంగాల్లో అతని జాగీరు సొమ్ము ఆపించారు. మరుసటి ఏడు అతని పక్షం గెలిచి దాన్ని మళ్లీ ఇప్పించింది. వాటాదారుల ఓటు ఏ పనికి ఉపయోగపడేదో ఈ ఒక్క వ్యవహారం చాలు, చెప్పడానికి. ఇండియాలో చేజిక్కిన సొమ్మును కాపాడుకునే ఆయుధం అది.

1765లో కథ గంజాం గడప తొక్కింది. ఆ ఏడు ఆగస్టు 12న మొఘల్ చక్రవర్తి షా ఆలం బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు)తోపాటు ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా ఇచ్చాడు. శ్రీకాకుళం సర్కారులో ఉత్తరపు కొస గంజాం. అంతకు నాలుగు నెలల ముందే, మద్రాసు ఓడరేవులో దిగిన కొద్ది రోజులకే, తన డబ్బు కంపెనీ వాటాల్లో పెట్టమని క్లైవ్ లండన్‌లోని తన మనిషికి గుప్తలిపిలో ఉత్తరం రాశాడు. సెప్టెంబరులో డైరెక్టర్లకు రాసిన ఉత్తరంలో బెంగాల్ నుంచి ఏటా 16 లక్షల 50 వేల పౌండ్లు నికరంగా మిగులుతుందని లెక్క కట్టి చూపాడు. ఆ వార్త 1766 వసంతంలో లండన్ చేరింది. వాటాల ధర ఎగబాకింది. డివిడెండు పెంచాలని వాటాదారులు పట్టుబట్టారు. ఇంకా చేతికి రాని ఆదాయాన్ని పంచకూడదని డైరెక్టర్లు అడ్డుపడ్డారు. సెప్టెంబరులో వాటాదారుల సభ వాళ్లను కాదని డివిడెండును 6 నుంచి 10 శాతానికి పెంచింది. 1767 మే నెలలో పన్నెండున్నర శాతం అంది. పార్లమెంటు కలగజేసుకుని 10 శాతం దగ్గర కట్టె అడ్డం పెట్టింది. పనిలో పనిగా ఏటా 4 లక్షల పౌండ్లు బ్రిటిష్ ఖజానాకు కట్టాలని కంపెనీ మీద బరువు మోపింది. వాటాదారులు, డైరెక్టర్లు, ప్రభుత్వం, మూడు చేతులూ ఒకే మూటలోకి వెళ్లాయి. ఆ మూట నిండడానికి ఎవరు ఏం కట్టాలన్న ప్రశ్న మాత్రం ఏ సభలోనూ చర్చకు రాలేదు.

సెప్టెంబరు తీర్మానం నాటికి నిజాంతో ఒప్పందం కూడా కుదరలేదు. అది 1766 నవంబరు 12న హైదరాబాదులో జరిగింది. సర్కారులకు ప్రతిగా ఏటా తొమ్మిది లక్షల రూపాయలు, అందులో శ్రీకాకుళం సర్కారు కింద రెండు లక్షలు కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. కంపెనీ రెసిడెంటుగా ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ గంజాం చేరింది 1768లో. రుషికుల్య ముఖద్వారం దగ్గర కోట కట్టుకుని కూర్చున్న అతని ముందు జమీందార్లూ కొండ దొరలూ నిండిన దేశం ఉంది. పేష్కష్ (పైవాడికి కట్టే కప్పం) కట్టాలా వద్దా అన్నది అవతలివాడి బలాన్ని బట్టి తేల్చుకోవడం వాళ్లకు తరతరాల అలవాటు. పర్లాకిమిడి నారాయణదేవును అదే ఏడు జలుమూరు దగ్గర కర్నల్ పీచ్ సేన ఓడించింది. అంటే గంజాంలో మొదటి కిస్తీ వసూలు కావడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది. దానికి రెండేళ్ల ముందే కొత్త రాజ్యాల ఆదాయాన్ని నమ్ముకుని లండన్‌లో డివిడెండు పెరిగిపోయింది. సైన్యానికి పెట్టే ఖర్చును వాటాదారులు లెక్కలోకి తీసుకోలేదు. 1769లో హైదరాలీ మద్రాసు వాకిట్లోకి వచ్చాడన్న వార్త చేరగానే వాటాల ధర కుప్పకూలింది. బెంగాల్ 1770 కరువులో చితికిపోయింది. అయినా డివిడెండు మెట్టు మెట్టుగా పన్నెండున్నర శాతానికి ఎక్కింది. 1772లో కంపెనీ చేతులెత్తేసి ప్రభుత్వాన్ని అప్పు అడిగింది. 14 లక్షల పౌండ్ల అప్పుతోపాటు 1773 రెగ్యులేటింగ్ చట్టం వచ్చింది. ఓటుకు అర్హత 1,000 పౌండ్లకు పెరిగింది, వాటా కొని ఏడాది నిండాలన్న నిబంధన పడింది, డైరెక్టర్ల పదవీకాలం నాలుగేళ్లయింది. 1,200 మందికి పైగా చిన్న వాటాదారులు ఒక్క దెబ్బతో ఓటు పోగొట్టుకున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఈ లెక్కన అత్యాశ వాటాదారులది, జాగ్రత్త డైరెక్టర్లది కదా, పెత్తనం డైరెక్టర్ల చేతిలో ఉండి ఉంటే గంజాం బాగుపడేది కదా అని. డైరెక్టర్ల పక్షాన చెప్పుకోవలసింది కొంత ఉంది, దాన్ని దాచకూడదు. సర్కారుల్లో భూమి, శిస్తు, రైతుల స్థితిగతులు చూసి రమ్మని 1775లో సర్క్యూట్ కమిటీని నియమించమన్నది డైరెక్టర్లే. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డ్ ఆ కమిటీని రద్దు చేసి, జమీందార్లనే మద్రాసుకు రమ్మని తాఖీదు పంపాడు. గంజాం నుంచి మద్రాసు వెయ్యి కిలోమీటర్లు. అంత దూరం పరివారంతో వెళ్లి నెలల తరబడి కాచుకోవడానికయ్యే ఖర్చు షావుకారు దగ్గర అప్పుగా పుట్టేది, చివరికి రైతు మీద పడేది. గదిలో గవర్నరూ జమీందారూ ముఖాముఖి కూర్చుని తేల్చుకున్న బేరాల్లో ఎంత చేతులు మారిందో ఊళ్లో కరణం చెప్పలేడు. ఊరు చూసి రావలసిన కమిటీ లేదు. రంబోల్డ్ మాత్రం జీతానికి పొంతన లేనంత సొమ్ము ఇంగ్లండుకు పంపుకున్నాడు. 1781 జనవరిలో డైరెక్టర్లు అతన్ని పదవి నుంచి తీసేశారు. 1783లో కమిటీని మళ్లీ వేయించారు. ఇదంతా వాళ్ల ఖాతాలో రాయవలసిందే. కానీ రంబోల్డ్ కూడా అంతకుముందు అదే డైరెక్టర్ల సభలో కూర్చున్నవాడు. పార్లమెంటులో అతని మీద పెట్టిన శిక్షా బిల్లు 1783లో చల్లబడిపోయింది. తీసేయడంతో కంపెనీ పరువు నిలిచింది. జమీందార్ల దగ్గర, వాళ్ల ద్వారా రైతుల దగ్గర గుంజినది వెనక్కి రాలేదు. డైరెక్టర్ల కోపానికి కారణం కూడా గమనించదగ్గదే. గవర్నరు తిన్నది కంపెనీకి రావలసిన సొమ్ము అన్నదే వాళ్ల ప్రధాన ఫిర్యాదు.

డైరెక్టర్లకు పెత్తనం పూర్తిగా దక్కినప్పుడు ఏం జరిగిందో కూడా మనకు తెలుసు. 1782లో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ను వెనక్కి పిలవాలని కామన్స్ సభ చెప్పింది, డైరెక్టర్లు సరేనని తీర్మానించారు. అక్టోబరులో వాటాదారుల సభ ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఈ తలబిరుసుతనానికి జవాబుగానే 1784 పిట్ చట్టంలో ఒక నిబంధన చేరింది. ప్రభుత్వ బోర్డు ఆమోదించిన డైరెక్టర్ల నిర్ణయాన్ని వాటాదారులు ఇక మార్చలేరు. పదెనిమిదేళ్ల కిందట డైరెక్టర్లను ఓడించిన సభ ఆ రోజుతో నోరు లేనిదైంది. అక్కణ్ణుంచి డైరెక్టర్ల సంపద డివిడెండులో లేదు, నియామకాల్లో ఉంది. ఇండియాకు పంపే రైటర్లను (కంపెనీ గుమాస్తాలను), సైనిక కేడెట్లను ఏటా ఎంపిక చేసే హక్కు వాళ్లు పంచుకున్నారు. కొడుకులు, మేనల్లుళ్లు, స్నేహితుల పిల్లలు ఆ దారిలోనే జిల్లాలకు వచ్చి కలెక్టర్లయ్యారు. వాటాదారుడికి ఏటా వచ్చే శాతం ఎంత ముఖ్యమో, డైరెక్టరుకు ఈ ఉద్యోగాల సంచి అంత ముఖ్యం. రెంటినీ నింపేది జిల్లా శిస్తే.

గంజాంలో ఆ పద్ధతి ముఖం చూడాలంటే స్నాడ్‌గ్రాస్ దగ్గర కాసేపు ఆగాలి. 1790 ప్రాంతంలో జిల్లాను ఏలిన ఈ అధికారి చిలికా ఒడ్డున రంభలో తనకొక భవంతి కట్టుకున్నాడు. ఇప్పటికీ రంభ రాజభవనంగా పేరున్నది అదే. పాలన అస్తవ్యస్తమై కంపెనీ అతన్ని తప్పించింది. ఆ తర్వాతి కథ గంజాంలో తరాలుగా చెప్పుకున్నది, జిల్లా చరిత్రలోకి కూడా ఎక్కింది. లండన్ వెళ్లిన స్నాడ్‌గ్రాస్ లెడెన్‌హాల్ వీధిలో కంపెనీ భవనం ముందు చీపురు పట్టుకుని రోడ్డు ఊడవడం మొదలుపెట్టాడట. గంజాం దొరగా బతికినవాడు తమ గుమ్మం ముందు ఇలా నిలబడటం చూసి సిగ్గుపడిన డైరెక్టర్లు చివరికి పింఛను మంజూరు చేశారట. కథలో ఎంత నిజం ఉందో పక్కన పెట్టినా, ఆ కాలపు జనానికి అది నమ్మదగ్గదిగా తోచిందన్నది ముఖ్యం. కొలువు పోయిన అధికారికి డైరెక్టర్ల వాకిలి చేరే దారి ఉంది. అక్కడ సిగ్గుపడేవాళ్లు ఉన్నారు, పింఛను ఇప్పించేవాళ్లు ఉన్నారు. అతని పాలనలో నలిగిన ఆస్కా, పురుషోత్తమపురం రైతులకు ఆ వాకిలి లేదు. వాళ్ల అర్జీ మొదట చేరవలసింది ఆ అధికారి దగ్గరికే.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది. కంపెనీ రాకముందు ఇక్కడ రామరాజ్యం ఏమీ లేదు. నిజాం ఫౌజుదార్లూ ఫ్రెంచి బుస్సీ మనుషులూ జమీందార్లూ అందరూ రైతును పిండినవాళ్లే. మరి వాటాదారులనీ డైరెక్టర్లనీ ప్రత్యేకంగా బోనెక్కించడం ఎందుకు? పిండారన్నది నిజమే. తేడా రెండు చోట్ల ఉంది. పాత పద్ధతిలో పేష్కష్ బలాబలాల మీద నడిచే బేరం. పంట పోయిన ఏడు జమీందారు కట్టడు, ఫౌజుదారు వచ్చినా కొండల్లోకి పోతాడు, చివరికి సగానికి సర్దుబాటు. అది న్యాయం కాదు గానీ కరువును లెక్కలోకి తెచ్చే మొరటు ఏర్పాటు. కంపెనీ 1802 పర్మనెంటు సెటిల్మెంటుతో పేష్కష్‌ను శాశ్వతంగా స్థిరపరిచింది. బకాయి పడితే ఎస్టేటు వేలానికి వస్తుంది. జమీందార్ల చేతిలో లేని హవేలీ భూములను ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలంలో అమ్మింది. రెండో తేడా డబ్బు వెళ్లే చోటు. జమీందారు తిన్నది కోటలోనో గుళ్లోనో సిబ్బంది జీతాల్లోనో ఎక్కువభాగం ఈ దేశంలోనే ఖర్చయ్యేది. కంపెనీ మిగులు సరుకుగా మారి ఓడెక్కేది. శిస్తు రూపాయలతోనే బట్టలు కొని లండన్ వేలంలో అమ్మి, ఆ సొమ్ములోంచి డివిడెండు కట్టడం దాని పద్ధతి.

1833 చార్టర్ చట్టం దగ్గర నా వాదన అన్నిటికంటే స్పష్టంగా రుజువవుతుంది. ఆ చట్టం కంపెనీ వ్యాపారాన్ని పూర్తిగా మూయించింది. వాటాదారులకు చెప్పుకోదగ్గ అధికారం అప్పటికే లేదు. ఇక డైరెక్టర్లకు అమ్మే సరుకు కూడా లేదు. అయినా 60 లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా పదిన్నర శాతం, అంటే 6 లక్షల 30 వేల పౌండ్లు, ఇండియా శిస్తు ఆదాయం నుంచి వాటాదారులకు కట్టాలని చట్టం హామీ ఇచ్చింది. నలభై ఏళ్ల తర్వాత కావాలంటే 100 పౌండ్ల వాటాకు 200 పౌండ్లిచ్చి తీర్చుకోవచ్చు. ఓటుకు విలువ పోయింది, డివిడెండు రాయి మీద గీతయింది. పెత్తనం తూకం ఎటు మొగ్గిందన్న ప్రశ్నకు ఇక్కడ అర్థమే లేదు. ఇద్దరూ బలహీనపడ్డారు, వసూలు మాత్రం మునుపటికంటే స్థిరపడింది. చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడు, 1835లో, పేష్కష్ బకాయిల తగాదాలో కంపెనీ సేన గంజాంలోని ఘుంసర్ జమీందారీ మీదికి వెళ్లింది. రాజు ధనంజయ భంజ కొండల్లోకి తప్పుకుని ఆ ఏడాది చివర్లో చనిపోయాడు. తమను నమ్మి వచ్చిన రాజ కుటుంబాన్ని అప్పగించడానికి ఆ కొండల్లోని ఖోందు గిరిజనులు ఒప్పుకోలేదు. దొర బిసోయి నాయకత్వంలో పోరు 1837 దాకా సాగింది. పల్లెలు తగలబడ్డాయి, ఎందరినో ఉరి తీశారు, జమీందారీ కంపెనీ ఖాతాలో కలిసిపోయింది. ఘుంసర్ బకాయి నేరుగా లండన్ డివిడెండుకు పోయిందని నేను అనడం లేదు. సైన్యం జీతాలకూ అప్పుల వడ్డీలకూ డివిడెండుకూ ఖజానా ఒక్కటే. ఒక పక్క వాటాదారుడికి నలభై ఏళ్లపాటు ఒక్క పౌండు తగ్గదన్న హామీ ఉంది. మరో పక్క గంజాంకు పంట పోయిన ఏడు ఎంత తగ్గిస్తారన్న హామీ ఏదీ లేదు. ఒకే ఆదాయం మీద రాసిన ఈ రెండు షరతులను పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను, అంతే.

1858లో రాజ్యం రాణి చేతికి పోయింది, డైరెక్టర్ల సభకు పని లేకుండా పోయింది. డివిడెండు మాత్రం కదల్లేదు. 1866లో ఒరిస్సాను ఊడ్చిపెట్టిన కరువు గంజాంనూ వదల్లేదు. మద్రాసు గవర్నరు నేపియర్ స్వయంగా జిల్లాకు వచ్చి చూశాడు. ఆ ఏడు కూడా కంపెనీ వాటాదారులకు పదిన్నర శాతం యథాప్రకారం అందింది. పరిపాలించని కంపెనీ, వ్యాపారం చేయని కంపెనీ 1874 జూన్ 1న చట్టప్రకారం రద్దయ్యే దాకా వాటా ఉన్నవాడికి లోటు రాలేదు.

సైన్యం ఉన్న కంపెనీని నేటి కంపెనీలతో పోల్చడం అన్యాయమని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. శిస్తు వేసే అధికారం ఇప్పుడు ఏ కంపెనీకీ లేదు. నేను చూపదలచిన పోలిక అధికారంలో లేదు, ప్రశ్నను అడిగే తీరులో ఉంది. డైరెక్టర్లను ఎవరు తీసేయగలరు, ఏ తీర్మానానికి ఎంత మెజారిటీ కావాలి అన్న చర్చలన్నీ ఆ పాత గది నాలుగు గోడల మధ్యే తిరుగుతున్నాయి. ఆ గోడలు దాటిన ప్రయోగాలు గంజాంలోనే ఉన్నాయి. ఆస్కా సహకార చక్కెర మిల్లులో సభ్యులు చెరకు రైతులే. అక్కడ వాటా ఎంతున్నా మనిషికి ఒకే ఓటు. సరుకు ఇచ్చేవాడే ఓటరు కావడం లెడెన్‌హాల్ వీధి ఊహించలేని సంగతి. సహకార మిల్లుల్లోనూ రాజకీయాలూ బకాయిలూ ఉంటాయని తెలిసే ఈ మాట అంటున్నాను. మన 2013 కంపెనీల చట్టం కూడా 166వ సెక్షనులో ఒక అడుగు ముందుకు వేసింది. డైరెక్టరు వాటాదారుల మేలుతోపాటు ఉద్యోగుల, సమాజపు మేలునూ పర్యావరణ రక్షణనూ చూడాలంది. అయితే డైరెక్టర్లు ఆ పని చేయకపోతే ట్రిబ్యునల్‌కు సామూహికంగా వెళ్లే హక్కును 245వ సెక్షను వాటాదారులకూ డిపాజిటుదార్లకూ మాత్రమే ఇచ్చింది. సమాజం పేరు చట్టంలో ఉంది, దాని చేతికి అర్జీ లేదు.

అదే 2013లో వచ్చిన భూసేకరణ చట్టం కంపెనీ చట్టం చేయని పని కొంత చేసింది. 1990లలో గోపాల్‌పూర్ దగ్గర టాటా ఉక్కు కర్మాగారం కోసం పల్లెల భూమి తీసుకున్నప్పుడు అమల్లో ఉన్నది 1894 చట్టం. అందులో రైతు సమ్మతి అన్న మాటే లేదు. ఊళ్లు ఎదురు తిరిగాయి, భూమి పోయింది, అనుకున్న ఉక్కు కర్మాగారం రాలేదు. కొత్త చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూమి తీసుకోవాలంటే భూమి పోగొట్టుకునే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందుగా ఒప్పుకోవాలి. వాటాదారూ డైరెక్టరూ కాని మూడోవాడికి ఒక కంపెనీ నిర్ణయంలో ఓటు లాంటిది దక్కడం గంజాం చరిత్రలో దాదాపు ఇదే మొదటిసారి. ఆ ఓటు భూమి సొంతంగా ఉన్నవాళ్లది, ప్రభుత్వం పట్టా ఇచ్చినవాళ్లది. అదే పొలంలో కౌలు చేసేవాడికీ కూలికి పోయేవాడికీ పరిహారంలో పేరు ఉంటుంది గానీ సమ్మతి లెక్కలో పేరు లేదు. భూమి తీసుకునేది ప్రభుత్వ కంపెనీ అయితే ఈ సమ్మతి నిబంధన వర్తించదు.